హనుమయ్య వాటం

హనుమయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడుగుతాడు. సగం తాగుతాడు. మిగతా సగం, ఎవరూ చూడనప్పుడు నేల మీద పోస్తాడు. ఆ తరవాత కూర్చుంటాడు.

నీళ్ళు కదిలితే ఆ ఇంట్లో కాఫీ కూడా తాగుతాడు. నిలిచిపోతే పనుందని లేస్తాడు. ఈ అలవాటు వల్ల ఆయనకు చుట్టాలు తగ్గారు. ఒకసారి వియ్యపురాలు ఆయన భార్య పద్మావతమ్మను చాటుగా అడిగింది.

"అన్నయ్యగారికి చెయ్యి వణుకుద్దా వదినగారూ?"

"చెయ్యి కాదు వదినగారూ, బుద్ధి" అంది పద్మావతమ్మ.

ఆయనది ఉయ్యూరు అవతల చెరుకు తోటల మధ్య ఊరు. నలభై ఏళ్ళు గచ్చులు వేశాడు. మొదట సున్నం, తరవాత సిమెంటు, తరవాత మొజాయిక్, ఆ తరవాత టైల్స్. నేల మారినప్పుడల్లా పనిముట్లు మారాయి. నీళ్ళు మారలేదు.

గచ్చు పనిలో రెండు మాటలున్నాయి. మట్టం, వాటం. నేల ఎటూ ఒరగకుండా ఉంటే మట్టం. దాన్ని రసమట్టంలో బుడగ చూపిస్తుంది. నీళ్ళు తమంతట తామే తూముకు చేరేంత, కంటికి మాత్రం తెలియనంత ఒరిగి ఉంటే వాటం. దాన్ని ఏ బుడగా చూపించదు. మట్టం నేర్చుకోవడానికి ఆయనకు ఆరు నెలలు పట్టింది. వాటానికి పన్నెండేళ్ళు.

యాభై ఎనిమిదో ఏట మోకాళ్ళు పోయాయి. గచ్చు వంగి చేసే పని. వంగలేనివాడికి అందులో చోటు లేదు. విజయవాడ అవతల, హైవే పక్కన కొత్తగా పెట్టిన ఆర్కిటెక్చర్ కాలేజీలో మోడల్స్ చేసే గదికి మనిషి కావాలంటే వెళ్ళి చేరాడు. రంపం మిషన్ చూసుకోవాలి. పిల్లలు వేళ్ళు కోసుకోకుండా కనిపెట్టాలి. చెప్పిన కొలతకు అట్టలూ చెక్కలూ కోసివ్వాలి.

చేరిన రోజు మూడో అంతస్తులో స్టూడియో చూడటానికి వెళ్ళాడు. ఇళ్ళు ఎలా కట్టాలో నేర్పే గది అది. సీసా మూతతో నీళ్ళు పోశాడు. అవి తలుపు వైపు రాలేదు. మెల్లగా లోపలి మూలకు వెళ్ళి, అక్కడ నిలబడ్డాయి. ఆయన ఎవరికీ చెప్పలేదు. జీతమిచ్చేవాళ్ళ నేల గురించి మాట్లాడకూడదని ఆయనకు అనుభవం.

ఆ కాలేజీలో ఆయన నేర్చుకున్న మొదటి మాట కాన్సెప్ట్. పిల్లలు గీసిన ప్రతి బొమ్మకూ అది ఉండాలి. లేకపోతే సార్లు బొమ్మ వైపు చూడరు. కూచిపూడిలో నాట్య పాఠశాలకు ఒకమ్మాయి కాన్సెప్ట్ గజ్జె. భవనం గుండ్రంగా, కింద చీలికతో వచ్చింది. లోపల ఎటు అడుగేసినా గోడ తగులుతుంది. కొండపల్లిలో బొమ్మల తయారీ కేంద్రానికి ఒకబ్బాయి కాన్సెప్ట్ ఏనుగు అంబారీ. పనివాళ్ళు తొండంలోంచి మెట్లెక్కి పైకి వెళ్ళాలి. చెక్క దుంగలు ఎలా వెళ్ళాలో బొమ్మలో లేదు. హనుమయ్య రెండిటికీ ముక్కలు కోసిచ్చాడు. రెండిటికీ మంచి మార్కులొచ్చాయి.

కోసిచ్చేటప్పుడు ఆయన ఒక్కటే అడిగేవాడు. "నీళ్ళెటు పోతాయి?"

పిల్లలు నవ్వేవారు. నీళ్ళ తాత అని పేరు పెట్టారు.

భానుశ్రీ ఐదో ఏడు చదువుతోంది. మాట తక్కువ. మీవాళ్ళేం చేస్తారని ఎవరైనా అడిగితే "మాది ఫిషరీస్" అనేది. అందరూ చెరువులు, లారీలు ఊహించుకున్నారు. ఆమె ఎవరినీ సరిదిద్దలేదు.

ఐదో ఏట ప్రతివాళ్ళూ ఒక పెద్ద ప్రాజెక్టు చెయ్యాలి. మధ్యలో రెండుసార్లు సారుకు చూపించాలి. చివర జ్యూరీ ముందు, అంటే బయటి నుంచి వచ్చిన పెద్దల ముందు, మోడల్‌తో నిలబడాలి. అక్కడ కాదంటే ఏడాది పోయినట్టే. భానుశ్రీ కొల్లేటి గట్టున ఒక ఊళ్ళో చేపల మార్కెట్ తీసుకుంది.

ఆమెకు గైడు సిద్ధార్థ. నల్ల చొక్కా తప్ప వేసుకోడు. కోపం రాని మనిషి. అందుకే పిల్లలకు భయం. మొదటిసారి ఆమె బొమ్మలు గోడకు పెడితే, ఒక చివర నుంచి రెండో చివరకు నడిచి వచ్చి ఆగాడు.

"ఇది షెడ్డు భానూ. షెడ్డు వెయ్యడానికి ఐదేళ్ళెందుకు? నీ కాన్సెప్ట్ ఏంటి?"

"అమ్మేవాళ్ళు తడవకుండా కూర్చోవాలి సార్."

"అది రిక్వైర్‌మెంట్. నేను కాన్సెప్ట్ అడిగాను."

రెండోసారి ఆమె వల తెచ్చింది. మార్కెట్ మీద పెద్ద వల విసిరినట్టు కప్పు, తెడ్లలాంటి స్తంభాలు. నిగనిగలాడే మందపాటి షీటు మీద, సాయంత్రపు ఎండలో, పొడుగాటి నీడలేసుకుని ఎవరెవరో నడుస్తున్నారు. ఎక్కడా చేప లేదు.

సిద్ధార్థ ఈసారి చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు కాన్సెప్ట్ ఉంది. మార్కెట్ ఏది?"

ఆమె షీటు చివర ఊడిన పిన్ను మళ్ళీ గుచ్చింది.

"ఫంక్షన్ మొత్తం వదిలేశావు. రెండూ బాలెన్స్ అవ్వాలి. ఇంకో మూడు వారాల్లో ఫైనల్ జ్యూరీ. ఇలాగే వస్తే నెక్స్ట్ ఇయర్ చూద్దాం అంటారు. నేనేం చెయ్యలేను."

మర్నాడు ఆమె వల కప్పు కోయించుకోవడానికి మోడల్స్ గదికి వచ్చింది. వేరే ఏం చెయ్యాలో తోచక వచ్చింది. హనుమయ్య కాగితం చూశాడు. కప్పు నడిమధ్యలో కుంగి ఉంది.

"నీళ్ళెటు పోతాయమ్మాయ్?"

అది పిల్లలు నవ్వే చోటు. ఆమె నవ్వలేదు.

"ఎటు పోతాయో నాకు తెలుసు తాతయ్యా. మా అమ్మ కాళ్ళ మీదకి పోతాయి."

ఆయన రంపం ఆపాడు.

"పొద్దున్నే ఐసు పెట్టెలు దింపుతారు. తొమ్మిదింటికల్లా కరగడం మొదలవుద్ది. మా వాళ్ళు కూర్చునేది రోడ్డు పక్కన పల్లంలో. కొనేవాళ్ళ చెప్పులు తడిస్తే పక్క గంప దగ్గరికి పోతారు. అందుకని మా అమ్మ గోనెసంచి మడిచి అడ్డం పెట్టి, నీళ్ళన్నీ తన వైపు తిప్పుకుంటది. కాలి వేళ్ళ సందులు ఎప్పుడు చూసినా తెల్లగా నాని ఉంటాయి."

"మీదేదో ఫిషరీస్ అన్నారే?"

"అదే ఫిషరీస్."

హనుమయ్య స్టూలు ఆమె వైపు జరిపాడు. తాను చెక్కల మీద కూర్చున్నాడు. కాసేపటికి ఆమె బొమ్మలు చుట్టి పెట్టుకునే గొట్టంలోంచి, సారు షెడ్డన్న మొదటి బొమ్మ తీసి పరిచింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. బాణం గుర్తులు వచ్చు. నీళ్ళు వెళ్ళే దారి చూపించే బాణాలవి. అమ్మేవాళ్ళు కూర్చోవడానికి వరసకు పన్నెండు అరుగులు. అరుగు ముందుకు ఒరిగి ఉంది. కొనేవాళ్ళు నిలబడే నేల అరుగు వైపు ఒరిగి ఉంది. రెండిటి మధ్య సన్నటి కాలువ. ఎవరి కాళ్ళూ తడవవు.

"ఎవరు చెప్పారు నీకిది?"

"ఎవరూ చెప్పలా. అమ్మ పక్కన కూర్చుని చూశా."

"నాకు పన్నెండేళ్ళు పట్టింది" అన్నాడు హనుమయ్య.

"దీనికి కాన్సెప్ట్ లేదంట తాతయ్యా."

"లేకపోడమేంటి? మొత్తం వాటం మీదే గదా ఉంది."

"వాటమా? వాటంగా కూర్చో అంటాం, అదా?"

"అదే. మనిషికి ఎట్టనో నేలకీ అంతే. నీళ్ళకి వాటంగా ఉండాల."

"చేతివాటం అంటే దొంగతనం గదా?"

"అది కాంట్రాక్టర్లది. మనది నేల వాటం."

ఆమె ఆ రోజు మొదటిసారి నవ్వింది. పెన్సిలు తీసి బొమ్మ పైన తెలుగులో వాటం అని రాసింది. పక్కన ఇంగ్లీషులో ఏం రాయాలో తోచలేదు. చోటు ఖాళీగా వదిలేసింది.

"మీరెప్పుడూ కాన్సెప్ట్ పెట్టలేదా తాతయ్యా?"

"ఒక్కసారి పెట్టా. ఇంకా ఉంది."

ఇల్లు కట్టుకున్న కొత్తలో పెరట్లో గిన్నెలు తోముకునే చోట మొజాయిక్ వేశాడు. భార్య పేరు పద్మావతి. అందుకని మధ్యలో ఎర్ర రాతి పలుకులతో పద్మం పెట్టాడు. పదహారు రేకులు. వాటం ఇస్తే పాలిష్‌లో ఒక పక్క రేకులు అరిగిపోతాయని భయపడి, మట్టంగా వేశాడు. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి చూశారు. మర్నాడు పద్మావతమ్మ గిన్నెలు తోమింది. నీళ్ళు పద్మం మీద నిలబడ్డాయి. ముప్ఫై ఏళ్ళుగా నిలబడుతూనే ఉన్నాయి. రెండు పూటలా ఆమె చీపురుతో తోస్తుంది.

"రాజులు పెళ్ళాల పేరు మీద చెరువులు తవ్వించారంట. మా ఆయనా తవ్వించాడు, రా చూద్దువుగాని" అని వచ్చినవాళ్ళకు చెబుతుంది.

భానుశ్రీ అంతా విని, "పగలగొట్టి మళ్ళీ వెయ్యొచ్చుగా?" అంది.

"అడిగా. ముట్టుకుంటే ఊరుకోనంది."

మోడల్ అట్టతో వద్దన్నాడు హనుమయ్య. అట్ట మీద నీళ్ళు పొయ్యడం కుదరదు. చెక్క అడుగు మీద నేలనూ అరుగులనూ సిమెంటుతో వేశాడు. ఇంటి నుంచి పాత తాపీల్లో అన్నిటికన్నా చిన్నది తెచ్చుకున్నాడు. అయినా అది ఆ అరుగులకు పెద్దదే. చిన్న మోడల్ మీద నీళ్ళు బద్ధకిస్తాయని వాటం రెండింతలు ఇచ్చాడు. మోకాళ్ళ బాధ లేకుండా, బల్ల ముందు నిలబడి, జీవితంలో మొదటిసారి వంగకుండా గచ్చు వేశాడు.

పది రోజులయ్యాక భానుశ్రీ కప్పు తెచ్చింది. రేకు కప్పు, సాదాగా ఉంది. కానీ మధ్యలో కుంగి ఉంది.

"వల పారెయ్యమన్నా గదమ్మా."

"అంతా పారెయ్యలా. ఆ కుంగు ఒక్కటే ఉంచా. చూడండి."

కప్పు మీద కురిసిన వాన కుంగులోకి చేరి, కాలువ మొదట్లో పడుతుంది. అక్కణ్ణుంచి కాలువ పొడుగునా పారి, పొలుసూ చెత్తా కడుక్కుంటూ పోతుంది. ఎవరూ చీపురు పట్టనక్కర్లేదు. హనుమయ్య కప్పును ఎత్తి చూశాడు, దించి చూశాడు.

"ఇది నాకు తోచలా" అన్నాడు.

"వల గీస్తుంటే తోచింది."

"అయితే ఆ వలకి చెప్పు, తప్పైందని."

జ్యూరీ రోజు మోడల్‌ను ఇద్దరు పిల్లలు మోసుకొచ్చారు. తక్కిన మోడల్స్ ఒంటిచేత్తో వచ్చాయి. స్టూడియోలో ఆమెకు లోపలి మూల దగ్గర బల్ల ఇచ్చారు. హనుమయ్య ఆ మూలను చూసి సీసా తీశాడు. కాలువ మొదట్లో ఒక మూతెడు పోశాడు. నీళ్ళు కదల్లేదు. తరవాత కదిలాయి, వెనక్కి. గది నేల వాటం బల్లను ఒరగదీసింది. బల్ల ఒరుగు మోడల్ వాటాన్ని తినేసింది.

ఇంకో పావుగంటలో పెద్దలొస్తారు. బల్ల జరపడానికి వేరే చోటు లేదు. భానుశ్రీ ఏడాది మొత్తం ఇప్పుడు ఆ బల్ల కాలి కింద ఉంది.

హనుమయ్య చుట్టూ చూశాడు. గోడవార పాత షీట్లు చుట్టి పడేసి ఉన్నాయి. అట్ట ముక్క చాలదు, చెక్క ముక్క ఎక్కువవుతుంది. ఆమె వల షీటు మందంగా, నిగనిగలాడుతూ పైనే ఉంది. దాన్ని తీసి ఎనిమిది మడతలు పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కిందకు దిగాడు. బల్ల ఎత్తమన్నాడు. లోపలి కాలు కింద దోపాడు. మళ్ళీ నీళ్ళు పోశాడు. ఇంకో మడత కావాలి. పెట్టాడు.

తలుపు దగ్గర నుంచి సిద్ధార్థ పిలిచాడు. "ఏం చేస్తున్నావు హనుమయ్యా అక్కడ?"

"కాన్సెప్టు సర్దుతున్నానండీ."

పెద్దల్లో ముఖ్యుడు వెంకటసుబ్బారావు. ముసలి ఆర్కిటెక్టు. భానుశ్రీ దగ్గరికి వచ్చేసరికి ఒక పడవనూ ఒక శంఖాన్నీ రెండు నెమళ్ళనూ చూసి ఉన్నాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"చెప్పమ్మా. ఎవరికీ మార్కెట్టు?"

ఆమె బట్టీ పట్టిన మొదటి వాక్యం ఇంగ్లీషులో ఉంది. అది రాలేదు.

"మా అమ్మకండీ. పేరు దుర్గ. రోడ్డు పక్కన చేపలమ్ముద్ది."

కాగితాల చప్పుడు ఆగింది. ఆమె గోనెసంచి గురించి చెప్పింది. కాలి వేళ్ళ గురించి చెప్పింది. బాణాలు చూపించింది. తరవాత చెంబు తీసుకుని కప్పు మీద పోసింది. నీళ్ళు కుంగులోకి చేరాయి, కాలువ మొదట్లో పడ్డాయి, పన్నెండు అరుగుల ముందు నుంచి పారి, చివర పెట్టిన గాజు గ్లాసులోకి సన్నగా దిగాయి. గ్లాసు నిండే చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఏడో అరుగు దగ్గర రూపాయి బిళ్ళంత నీరు నిలిచింది. ఎవరూ చూడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ హనుమయ్య చూశాడు.

వెంకటసుబ్బారావు కళ్ళజోడు తీశాడు. "వాటం. ఈ మాట విని ఎన్నాళ్ళయిందో. డ్రాయింగుల్లో పోయింది, నేలల్లోనూ పోయింది." సిద్ధార్థ వైపు తిరిగాడు. "మీ వరండాలో నీళ్ళు నిలిచాయి. అడుగు పెట్టి వచ్చాను."

"మెయింటెనెన్స్ వాళ్ళకి చెప్పాం సార్."

భానుశ్రీ పాసయింది. ఆ ఏడు అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెకే. సిద్ధార్థ అందరి ముందూ మెచ్చుకున్నాడు.

"వెరీ స్ట్రాంగ్ కాన్సెప్ట్. ఫస్ట్ రివ్యూ నుంచి నేను అడుగుతున్నది ఇదే."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు అలాగే గుర్తుంది.

మరుసటి ఏడు ఐదో ఏటి పిల్లల్లో పదకొండు మంది కాన్సెప్ట్ వాటం. హనుమయ్యకు పని పెరిగింది. ఏ ముక్కా నిటారుగా కొయ్యనక్కర్లేదు. సాత్విక్ అనే అబ్బాయి ఒరిగిన గోడలు, ఒరిగిన స్తంభాలు, ఒరిగిన అల్మరాలు కోయించుకున్నాడు.

"నీళ్ళెటు పోతాయి బాబూ?"

"నీళ్ళేంటి తాతా, ఇది లైబ్రరీ."

"మరి పుస్తకాలెటు పోతాయి?"

సాత్విక్ ఆలోచించి, అది తరవాత డెవలప్ చేస్తానన్నాడు.

చేపల మార్కెట్ ఎవరూ కట్టలేదు. పిల్లల ప్రాజెక్టులు ఎవరూ కట్టరు. భానుశ్రీ విజయవాడలో ఒక ఆఫీసులో చేరి అపార్ట్‌మెంట్లకు ముందు వైపు బొమ్మలు గీస్తోంది. మోడల్‌ను కాలేజీ వాళ్ళు అద్దాల బీరువాలో పెట్టబోయారు. బరువుకు బీరువాలో అర వంగింది. భానుశ్రీని తీసుకుపొమ్మన్నారు. స్టూడియోలో బల్ల మాత్రం అక్కడే ఉంది, కాలి కింద వలతో సహా. దాన్ని జరిపితే ఊగుతుందని ఎవరూ జరపరు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. కుశల ప్రశ్నలయ్యాక హనుమయ్య అడిగాడు.

"మోడల్ ఏం చేశావమ్మా?"

"ఇంటి దగ్గరుంది తాతయ్యా. కప్పు తీసేసి మా అమ్మ దాని మీద గిన్నెలు బోర్లిస్తంది."

"నీళ్ళు పోతన్నయ్యా?"

"పోతన్నాయి. ఏడో అరుగు దగ్గరే కాసిని నిలుస్తన్నాయంట. ఎవరేశారే ఈ గచ్చు, అడుగు అంది."

"అక్కడికి తాపీ పోలా" అన్నాడు హనుమయ్య. "ఆదివారం వస్తానని చెప్పు."